తప్పుతో సహా

పాత సామాన్లవాడి తక్కెడలోంచి తీసుకున్నాను దాన్ని.
పూతరేకుల డబ్బా కన్నా చిన్నది.
నల్లటి ఒళ్ళు, మూలన నాలుగు రంగుల వాలుగీత.
మీటలు రబ్బరువి: నొక్కితే
ముంజెలోకి బొటనవేలు దిగినట్టుంటుంది.

నరసాపురం ఉప్పుగాలి నలభయ్యేళ్ళు నాకి వదిలేసింది.
విప్పి చూస్తే చిప్పుల కాళ్ళకి పచ్చటి చిలుం.
దాంతోపాటు ఒక క్యాసెట్, మీద నీలిసిరాతో
"లేసు-3. గు.ర.మా."

పగలు నేను బ్యాంకులకి కోడు రాస్తాను.
ఎక్కడో ఎవరో డబ్బు పంపితే
ఇంకెక్కడో టింగుమంటుంది, అదీ నా పని.
రాత్రి తొమ్మిది దాటాక
చచ్చిపోయిన ఆ పెట్టెకి
లాప్‌టాప్‌లో ఇంకో ఒళ్ళు కుడతాను.

"ఎంత పడుద్దండీ అందులో?" అన్నారు
కింది వాటా ఇజ్రాయేలు గారు, లాకుల దగ్గర లస్కరు.
నలభై ఎనిమిది కె.
"మా బావగారు పొద్దున్నే పంపే గులాబీ బొమ్మ కూడా పట్టదన్నమాట."
పట్టదు. నిజమే.

అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప.
తెర గీసే చిప్పూ లెక్కలు చేసే చిప్పూ
ఒకే మెమరీ మీద బతికేవి ఆ రోజుల్లో.
నా నకలులో రెండూ ఎడాపెడా తోడేసుకుంటున్నాయి,
అంచున రంగుల చారలు జ్వరమొచ్చినట్టు వణుకుతున్నాయి.
నెల తిరిగింది. టీ గ్లాసుతో వెనక నిలబడి
చూసి చూసి ఆయనే అన్నారు:
"వంతు పెట్టలేదాండీ?
ఎగువోడు తడుపుకున్నాకే కదండీ శివారోడికి."

ఆయ్.
తెర ఎగువ రైతు.
లెక్కల చిప్పుది కాలవ చివరి చేను.
అది గట్టుమీద చతికిలబడి బీడీ ముట్టించి ఆగాలి:
ఆరు టిక్కులు, అయిదు, నాలుగు,
మూడు, రెండు, ఒకటి,
సున్నా, సున్నా.
మళ్ళీ ఆరు.
ఇప్పటి యంత్రానికి పరుగు ఎవరూ నేర్పక్కర్లేదు.
ఆగడం నేర్పడానికి నాకు వేసవంతా పట్టింది.

తొలకరి రోజు క్యాసెట్ పెట్టాను.
చిన్న స్క్రూడ్రైవరుతో హెడ్డు ఇటు వెంట్రుకవాసి, అటు వెంట్రుకవాసి.
కీ...మని పొడుగు కూత. ఆ తర్వాత
మడిలో కప్పలన్నీ ఒక్కసారి గొంతు విప్పినట్టు.
మూడుసార్లు మధ్యలో తెగింది.
నాలుగోసారి కరెంటు పోయింది.
అయిదోసారి
తెర మీద ఒక చుక్క.
దాని పక్కన ఇంకో చుక్క.
గొలుసు, మెలిక, మళ్ళీ గొలుసు,
ఎవరో వేలికి దారం చుట్టుకుని అల్లుతున్నట్టే
నిదానంగా ఒక లేసు పువ్వు.
కుడివైపు కింది రేకు మాత్రం ఊడి
దారం అంచుదాకా కొట్టుకుపోయింది.

నా తప్పే అనుకున్నాను. పక్షం రోజులు వెతికాను.
దొరకలేదు.

గు.ర.మా. దొరికింది, రుస్తుంబాద మలుపులో జిరాక్స్ షాపులో.
గుబ్బల రత్నమాణిక్యం. అప్పట్లో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠం చెప్పేదిట,
ఇంటిదగ్గర అమ్మా పిన్నీ కట్టకింత అని లేసు అల్లేవారుట.
"దారం ఖర్చవకుండా పువ్వు ఎలా ఉంటుందో
ముందే చూద్దామని రాశానండి."

కళ్ళజోడు సవరించుకుని
ఊడిన రేకు మీద సరిగ్గా వేలు పెట్టింది.
"మూడొందల నలభయ్యో లైను. ప్లస్సు కొట్టాల్సింది మైనస్సు కొట్టాను.
దిద్దేలోపు ఇన్‌స్టిట్యూట్ ఎత్తేశారు."
కాసేపు ఏమీ అనలేదు.
"నా తప్పు కూడా వచ్చేసిందే" అంది,
ఊరెళ్ళిన పిల్లి తిరిగొచ్చినట్టు.

ఏ ఇంజనీరూ, ఏ మేనేజరూ
నా కోడు గురించి ఇంత మంచి మాట అనలేదు.

దిద్దమంటారా, అన్నాను.
"ఉండండి, ఇంకోసారి గియ్యనివ్వండి."

ఆధార్ కాపీకి వచ్చినాయన
కౌంటరు అవతల గొడుగు ముడుచుకుని నిలబడ్డాడు,
తన వంతు కోసం.